కొట్టేసిన వెన్నెల

తార్నాక దస్త్రాల గదిలో
ఫ్యాను గాలికి కాగితం లేవకుండా
మోచేతులు ఆనించి కూర్చుంటాం,
నేనూ, గౌస్ మొహియుద్దీన్ గారూ.
ఆయన ఫార్సీ చదువుతారు.
నేను తెలుగులోకి దింపుకుంటాను.

మూసీ పొంగిన రాత్రికి
ముప్పై పేజీలయ్యాయి.
"వెన్నెట్లో నది మెరిసింది" అని రాశాను మొన్న.
మంచి వాక్యం. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

ఆయన వేళ్ల కణుపులు లెక్కపెట్టారు.
"రంజాన్ నెల పొడిచి రెండ్రోజులు, బేటీ.
చంద్రుడు గోటిముక్కంత.
ఇషా నమాజు వేళకే దిగిపోయుంటాడు.
పైగా ఆ వాన."

కొట్టేశాను.

ఇప్పుడా చీకట్లో
అఫ్జల్‌గంజ్ గల్లీలోంచి బయటపడాల్సిన
చాకలి సాయవ్వకి దారెట్లా?
చేతికి లాంతరిద్దామంటే
గ్యాసునూనె కొనే తాహతుందో లేదో.
సాయవ్వ నేను పెట్టిన పేరు.
చిట్టాలో మనిషి లేదు;
పరిహారం పద్దులో
గాడిదలు రెండు, అని ఉంది.

రాత్రి కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెతకలేదు.
గోడ తడుముకుంటూ వంటింటివైపు నడిచాను
అడుగులు లెక్కపెడుతూ.

పద్నాలుగో అడుగులో
కాలికి తడి తగిలింది.
బిందె కారుతున్నట్టుంది.

కదల్లేదు.
రేపు అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.