రెండు ఇంటిపేర్లు

ఆలుచిప్పల తెప్పలు మూసేసి పదకొండో రోజు.
విగో రేవులో వాన.
"నీళ్లు తేటగానే ఉన్నాయిగా, విషమెక్కడ?" అంటాడు ఎలాదియో,
సీసా నా బల్లమీద పెట్టి వెళ్లిపోకుండా,
బూట్లలోంచి నీళ్లు కారుతూ.

ఏం చెప్పను?
ఈ చుక్కలో వేల ఇళ్లు, గాజు గోడలవి.
ఒక్కో ఇంట్లో అద్దెకొచ్చిన జంట.
ఒకరు ముందొచ్చారు, ఒకరు ఆనక;
వంద కోట్ల ఏళ్ల పైమాటే,
ఎవరూ ఖాళీ చెయ్యలేదు.
ఒకరు ఎండని వండుతారు,
ఇంకొకరు ఆ వండింది రగిల్చి ఇల్లంతా నడుపుతారు.
మూటలకొద్దీ తెచ్చుకున్న జన్యువులు
ఒక్కొక్కటే ఇంటాయన పెట్టెలోకి జారిపోయి
చివరికి మిగిలింది
చెరో గాజు.

క్లోరోప్లాస్ట్‌ది లక్షా ఇరవై వేల అక్షరాలు.
మైటోకాండ్రియాది నలభై వేలు, అంతే.
పెద్దది తాపీగా మారుతుంది.
చిన్నదానికి తొందర, తరం తరానికీ ఎక్కడో చెయ్యి జారుతుంది.
(నేలమీది చెట్లలో ఇది తలకిందులు. ఎందుకో అడక్కు.)

నిన్న రాత్రి రెండు వంశవృక్షాలు గీశాను.
క్లోరోప్లాస్ట్ అంది: ఇది బ్రెటన్ తీరపు చుట్టం.
మైటోకాండ్రియా అంది: కాదు, దక్షిణాది బిడ్డ, పోర్చుగల్ వైపు.
రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.
రెండూ అబద్ధమాడవు.
తెల్లారేదాకా ఎవరినీ నమ్మలేకపోయాను.

ఎలాదియో నవ్వాడు. "మాకూ రెండేగా ఇంటిపేర్లు!
నాన్నది ముందు, అమ్మది వెనక."

అమ్మదంటే, అమ్మ నాన్నది.
మా అమ్మమ్మ దోసిందా బర్రేయ్రో
నలభై ఏళ్లు తెప్పలమీద తాళ్లకి పిల్లచిప్పలు కట్టింది,
వేళ్లు తెరుచుకోనంత వరకూ.
ఆ బర్రేయ్రో నా కార్డుమీద లేదు.
మా ఊరి రిజిస్టర్లో దాని తర్వాత తెల్లకాగితం.

కానీ ఈ సీసా మూత తిప్పే నా వేళ్లలో
కణం కణానా తిరుగుతున్నది ఆవిడ గాజే,
పదహారు వేల అక్షరాలు,
ఎక్కడైనా చెయ్యి జారి ఉంటే ఆ జారుడుతో సహా.
ఎవరూ రాసుకోలేదు. పోనూ లేదు.

"తెప్పలెప్పుడు తెరుస్తారు మరి?"
తెలీదు, ఎలాదియో.
గురువారం ఇంకో సీసా తీసుకురా,
ఈసారి ఐదు మీటర్ల లోతు నుంచి.