పసుపు కిటికీలు

ముప్పై కుర్చీలు వేశాను. పదమూడుగురు వచ్చారు.
తడిసిన గొడుగులు తలుపు పక్కన
ఒకదాని మీద ఒకటి ఒరిగి కునుకు తీస్తున్నాయి.
తూరిన్‌లో నవంబరు అంతే.
దోరా నదికి కూడా
ఎవరి ఇంట్లోనో కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

ఎర్సీలియా బొన్‌ఫాంతె కళ్ళజోడు తుడుచుకుని
బల్ల మీద మూడు కొత్త నవలలు పరిచింది.
చేపలు బేరమాడే మనిషిలా
ఒక్కోదాని మొప్ప ఎత్తి చూసింది.

"మూడూ మూకీల కాలం కథలే.
మూడూ మంటతోనే మొదలు.
ఫిల్ము అంటుకుంటుంది, స్టూడియో అంటుకుంటుంది,
నాయిక మెడలో నక్కతోలు మాత్రం అంటుకోదు.
నిజమే, ఆనాటి ఫిల్ము అగ్గిపుల్లకి మేనల్లుడు.
కానీ రోజూ తగలబడుతుంటే
సినిమాలు ఎవరు తీశారండీ?"

నవ్వాం. నేను వైన్ పోస్తూ కాస్త ఒలకబోశాను.

"వీటిలో ఎవరికీ ఆకలెయ్యదు.
శనివారం జీతం అడగరు.
తడి ఫిల్ము చుట్టిన చెక్క పీపాలు తిప్పేవాడికి
భుజం నొప్పెట్టదు.
నేను ముప్పై ఏళ్ళుగా గతాన్ని అమ్ముకు తింటున్నాను.
ఉన్ని వర్తకుల మీద రాశాను, ఉప్పు పన్ను మీద రాశాను,
చచ్చినవాళ్ళు ఎదురు చెప్పరన్న ధైర్యంతో.
సినిమావాళ్ళ దగ్గర ఆ పప్పులుడకవు.
వాళ్ళింకా కదులుతుంటారు.
తెర మీద ఒకామె వెనక్కి తిరిగి
మన భుజం మీదుగా ఎవరినో చూసి నవ్వుతుంది.
ఆ ఎవరో ఎవరన్నదే నవల.
మిగతాదంతా టోపీలు."

అప్పుడు తన నవల తెరిచింది. పదకొండో అధ్యాయం.
రంగులద్దే గది, వరసగా అమ్మాయిలు,
మూడు వెంట్రుకల కుంచె, గోరంత బొమ్మ.
నిమిషంసేపు తిరిగే పావడాకి
తొమ్మిదివందల అరవై పావడాలు.
పియెరీనా కుంచెని పెదవితో తడుపుకుంటుంది.
సాయంత్రానికి పెదవి నీలం.
వంతెన మీద కుర్రవాడు
ఆ నీలాన్ని ముద్దు పెట్టుకుంటాడు.

చదవడం ఆపింది. బాగా చదివింది.
అందరం మన పెదవులు మనమే తడుపుకున్నాం.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది.
దెల్ఫీనా ఒస్తొరేరో. ట్రామ్ నడిపి రిటైరయ్యింది.
మా దగ్గర వంట పుస్తకాలు తప్ప ఏవీ కొనదు.

"మా నానమ్మ ఆ గదిలో పనిచేసింది.
కుంచె నోట్లో పెడితే పూట జీతం కోసేవాళ్ళు,
రంగు ఖరీదని.
నీలం పెద్దమ్మాయిలకి. పావడాలూ వాళ్ళకే.
మా నానమ్మకి పసుపు.
రాత్రి ఇళ్ళలో వెలిగే కిటికీలు.
ఏడేళ్ళు కిటికీలే వెలిగించింది."

"తరవాత?"

"తరవాత సినిమా రోముకి పోయింది.
ఈవిడ చాక్లెట్ల ఫ్యాక్టరీకి పోయింది.
ముసలితనంలో, పొద్దుగూకితే
ఎదురింటి దీపాలు వెలగడం చూస్తూ
ఒక్కొక్కదానికి వంక పెట్టేది.
అదిగో, మూడో అంతస్తు.
అంచు దాటింది, చూడు, అనేది."

గదిలో వాన చప్పుడు పెద్దదయ్యింది.
ఎర్సీలియా పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి,
చిన్నపిల్లలా అడిగింది:
"ఇది నేను తీసుకోవచ్చా?"

"వద్దమ్మా.
నువ్వు రాస్తే
ఆవిడకి వంతెన మీద ఎవడో దొరుకుతాడు."

పుస్తకాలు నాలుగు అమ్ముడుపోయాయి.
దెల్ఫీనా ఒకటి కొంది, సంతకం కూడా అడిగింది.
సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది.
ఏం రాసిందో నేను చూడలేదు.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచాను,
ఎవరూ కూర్చోని పదిహేడూ ముందు.
తాళంచెవి చేత పట్టుకుని నిలబడ్డాను.
గుమ్మం బయట ఎర్సీలియా
గొడుగు తెరవడం మరిచిపోయి తడుస్తోంది,
తలెత్తి ఎదురు మేడకేసి చూస్తూ.
మూడో అంతస్తులో ఎవరో దీపం వేశారు.