మొద్దునిద్ర

చినవాల్తేరులో మా ప్రయోగశాల కిటికీ అద్దానికి
ఉప్పుగాలి పట్టి మసకేసింది.
మైక్రోస్కోపు అద్దం మాత్రం రోజూ నేనే తుడుస్తాను.

రాత్రి రెండు. ముప్ఫై ఏడు డిగ్రీల పెట్టెలో
ఒకే కణం పిల్లలు, పిల్లల పిల్లలు,
ఒకే గంజి తాగి ఒకే వెచ్చదనంలో పెరిగినవాళ్ళు.
అక్షరం తేడా లేని జన్యువు అందరిదీ,
దాని పక్కన నేను కుట్టిన ఆకుపచ్చ దీపం.
కణం పనిలో ఉంటే ఆ జన్యువు పలకాలి,
పలికితే దీపం వెలగాలి.

గది లైటు ఆర్పి చూస్తాను.
ఒకటి భగ్గుమంటోంది.
దాని చెల్లెలు, గోడ పంచుకున్నదే,
తెల్లారాక ఆర్పడం మరిచిన వీధిదీపంలా వెలవెల.
మూలన ఒకటి అసలు లేనట్టే ఉంది.

మూడు నెలలుగా గైడుగారికి సగటు పంపుతున్నాను.
నిటారు స్తంభం, దాని నెత్తిన మీసంలా ఓ సన్న గీత.
"ఆ మీసం బాగా పెరిగిందమ్మా, కొంచెం కత్తిరించు" అంటారాయన.
వీళ్ళంతా ఆ మీసంలోనే ఉన్నారు సార్ అని రాశాను,
చెరిపేసి, మళ్ళీ చేస్తానని రాశాను.

సీసాలు కడిగే నూకరత్నం
వాన తగ్గక ఇంటికి పోలేదు.
పెద జలారిపేట మనిషి. నా భుజం మీంచి తెర చూసి
"ఒక్క తల్లి పిల్లలేనా ఇయి?" అంది.
అవునన్నాను. లోపల ఆ పదార్థం
పదో పన్నెండో రేణువులే ఉంటాయి,
తల్లి రెండైనప్పుడు లెక్కగా పంచేవాళ్ళుండరు అని
ఇంకా ఏదో చెప్పబోతుంటే,

"పది రొయ్యలు సీకట్లో రెండు బుట్టల్లోకి ఇసిరేత్తే
అయిదూ అయిదూ పడతాయేటమ్మా?
ఇరవయ్యేల్లు ఆర్బర్లో వాటాలేసినాను."

నా థీసిస్ రెండో అధ్యాయం అది.
నలభై పేజీలు.

మూడింటికి ఆంపిసిలిన్ వదిలాను.
గోడ కడుతున్న కణాన్ని
కడుతుండగానే కూల్చే మందు.
బాగా వెలుగుతున్నవి ముందు ఉబ్బాయి,
చిట్లాయి, వెలుగు కారిపోయింది.
నాలుగున్నరకి తెరంతా చీకటి, చెత్త.
అద్దం మసకలోంచి కొండమీది లైట్‌హౌస్
వచ్చి, చూసి, పోతోంది.

మూలన ఆ మొద్దుది మాత్రం అలాగే ఉంది.
దానికి కవచం లేదు, ఉపాయం లేదు.
మందు వచ్చిన వేళకి అది ఏ పనీ చెయ్యట్లేదు,
అంతే.

నూకరత్నం చాలాసేపు మాట్లాడలేదు.
"తుపానేడు మా తెప్ప నలుగురిదీ.
కోడి కూయకముందే ముగ్గురు లేసిపోనారు.
మా ఆయన్ని పిలిసినారు, లేవలేదు.
తాగి కాదు, జొరం కాదు. నిద్దరట్టేసింది.
గంగమ్మ కాసిందన్నారు, పున్నెం సేసుకున్నాడన్నారు.
పున్నేవేటి.
ఆ ముగ్గురూ ఈడికన్నా మంచోలు."

మందు కడిగేశాను. కొత్త గంజి పోశాను.
వాన ఆగింది, ఆవిడ కదల్లేదు.
ఏడు దాటాక మొద్దుది కొంచెం సాగింది,
నడుము సన్నబడింది,
రెండైంది.

మధ్యాహ్నానికి వందలు, సాయంత్రానికి లెక్కలేదు.
అదే మందు మళ్ళీ వేసి చూశాను.
అన్నీ చిట్లాయి, వెయ్యికి ఒకటి తప్ప.
బతికిన తల్లి పిల్లలకి ఏమీ నేర్పలేదు.
నేర్పడానికి దానికేం తెలుసు?

"మీ పిల్లలో?" అనడిగాను, సీసాలు ఏరుకుంటుంటే.
"పెద్దోడు మూడింటికే సముద్రం మీదుంటాడు.
సిన్నోడు తండ్రే. మొకాన నీల్లు కొట్టాల."
బుట్టలో గాజు గలగలమంది.
"మరి కొడతావా?" అన్నాను.
"కొట్టకపోతే కూడెక్కడిదమ్మా" అని
తలుపు కాలితో తోసుకుని వెళ్ళింది.