అంచుల్లో పెన్సిలు

దేవరకొండ శాఖా గ్రంథాలయంలో
ఎనిమిది వందల ఎనిమిది నంబరు కింద
రాయడం నేర్పే పుస్తకాలు నాలుగు.
ఐదు వందల ఎనిమిది కింద
చెట్లవి, పిట్టలవి, రాళ్ళవి పదకొండు.
మధ్యన మూడు వందల నంబర్లు, రెండు ఇనుప ర్యాకులు,
కాలు విరిగిన కుర్చీ ఒకటి.
పందొమ్మిదేండ్లుగా దుమ్ము దులిపేది నేనే.
ఇటు నుంచి అటు
ఒక్క చీమ పోయినట్టు కూడా చూడలేదు.

ఆ నాలుగింట్లో అట్ట ఊడినదాన్ని,
కవిత ఎట్ల రాయాలో చెప్పేదాన్ని,
మొన్న చైత్రంలో కేతావత్ ద్వాలి తీసుకపోయింది.
తండా నుంచి చిల్లగింజలు, కుంకుడుకాయలు
సంతకు మోసుకొచ్చే మనిషి.
రాత్రిబడిలో చదువుకున్నదట.
కార్డు మీద ఆమె సంతకం
ఉలితో కొట్టినట్టుంటది.

తిరిగొచ్చిన పుస్తకంలో
అంచు అంచునా పెన్సిలు.

ఇరవై ఆరో పేజీలో ఒక ఉదాహరణ:
'చెట్టు మీద పిట్ట పాడింది.'
పక్కన ఆమె: ఏం చెట్టు? ఏం పిట్ట?
ఆకలికి అరిచిందా, జత కోసం పిలిచిందా?

ఉపమల కాడ,
'మోదుగు పూసింది, అడవి అంటుకున్నట్టు.'
కింద: మోదుగు పువ్వుకు వాసన ఉండదు, మంటకు ఉంటది.
ఈయన ముక్కు ఇంట్ల పెట్టి వచ్చిండు.

'మౌనంగా కూర్చున్న బండ' దగ్గర
పెన్సిలు కాగితాన్ని చింపినంత పని చేసింది:
బండ ఊకోదు. ఎండకాలం రాత్రి పటపట చిట్లుతది.
మా గుట్ట కాడికి రా, ఇనిపిస్త.

భావాన్ని దాచి చెప్పాలన్న చోట మాత్రం
ఒప్పుకున్నది:
అవ్. తీతువు దుక్కిల గుడ్లు పెడ్తది,
గులకరాళ్ళల్ల గులకరాళ్ళ లెక్కనే.
కాలు పడేదాక తెల్వదు.

అప్పటిదాకా నవ్వుకుంటూ చదివిన.
నూట మూడో పేజీ, స్పష్టత.
రచయిత ఆరు పేరాలు రాసిండు. ఆమె రెండు ముక్కలు:
చిల్లగింజను కుండ లోపల రుద్దితే
తెల్లారేసరికి బురద అడుక్కు పోతది.
మాటకు ఏం రుద్దాలె?

నాకూ ఒక నోటుబుక్కు ఉంది, ముప్పై రెండు కవితలు.
ఆ రాత్రి లాంతరు వెలిగించినంత గుట్టుగా తీసి
లెక్క పెట్టుకున్న:
'పేరు తెలియని పువ్వు' ఐదు సార్లు,
'ఏదో పక్షి' తొమ్మిది,
'పచ్చదనం' దగ్గర లెక్క తప్పింది.

నిబంధన ఉంది కదా, జరిమానా.
రసీదు బుక్కు తీసిన.
'పుస్తకం పాడు చేసినందుకు' అన్న అచ్చు అక్షరాల పక్కన
పెన్ను ఆగిపోయింది.
పోనీ అని రబ్బరు పెట్టి ఒక్క మాట తుడిచి చూసిన.
నలుపు పోయింది, నొక్కు పోలేదు.
కిటికీ వెలుతురుకు వాలుగా పట్టుకుంటే
ఏం పిట్ట అని
అడుగుతనే ఉంది.

గేటు పక్క చెట్టుకే ఇన్నేండ్లూ
నా సైకిలు ఆనించి తాళం వేసేది.
దాని ఆకు ఒకటి తెంపి
నూట మూడో పేజీలో పెట్టి
చీటీ రాసిన: ఇదేం చెట్టు?
వచ్చే సంత నాడు పుస్తకాన్ని
మళ్ళీ ఆమె కార్డు మీదనే ఇచ్చిన.

గడువు పదిహేను రోజులు. పదమూడో రోజే తెచ్చింది.
ఆకు ఎండి, ఈనెల ముద్ర పేజీకి దిగింది.
చీటీ వెనక జవాబు:
ఒక్క ఆకు పంపితే ఎట్ల సారూ?
బెరడు గీరి వాసన చూసినవా?
ఏ పురుగు తింటున్నదో చూసినవా?
మా బాసల ఒక పేరున్నట్టే ఉంది,
మీ అక్షరాలల్ల రాస్తే సగమే వస్తది.
పూత పట్టినప్పుడు పిలువు.

రోహిణి పోయింది. మృగశిరలో రెండు వానలు.
పుస్తకం ఏ ర్యాకులోనూ పెట్టలేదు, నా బల్ల మీదే ఉంది.
సైకిలు ఇప్పుడు గోడకు ఆనిస్తున్న.
తాళం వేసి, తలెత్తి చూస్తున్న.
నిన్న ఒక కొమ్మ చివర చిన్న చిన్న బొడిపెలు.
మొగ్గలో,
పురుగు కట్టుకున్న గూళ్ళో,
ఇంకా చెప్పలేను.