రెండున్నర చాళ్ళు

పుయికుల మా ఏటిగట్టు ఇసుకను నమ్ముకున్న దుంప.
ఇంకెక్కడ వేసినా మొండికేస్తుంది.
చూపుడువేలంత పొడుగు, కాస్త వంకర,
లోపల గుడ్డుసొన పసుపు.
నీళ్ళు కుతకుతలాడితే అలిగి విచ్చిపోతుంది,
సన్నసెగ మీద బుజ్జగించాలి.

జూన్ వచ్చేదాకా నేల రాయే.
అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టినా
వేళ్ళు తిమ్మిరెక్కకపోతే నాటొచ్చనేది
మా హిల్కా పెద్దమ్మ కొలత.
నేను థర్మామీటరు గుచ్చుతాను.
తర్వాత, ఎందుకైనా మంచిదని, చెయ్యీ ఆనిస్తాను.

ఇక రాత్రి ఉండదు.
సూర్యుడు కొండ అంచు మీద దొర్లుతాడే గానీ దిగడు.
ఆకులకు నిద్ర లేదు, నాకూ లేదు.
పదకొండింటికి మొదళ్ళకు మట్టి ఎగదోస్తుంటే
చెవుల దగ్గర దోమల పంచాయతీ.
గట్టుకవతల ఏలిస్ తన మట్టి తను ఎగదోసుకుంటూ ఉంటాడు.
మాకు మాటా మంతీ లేదు.
ఆరేళ్ళ కిందట అతని ట్రాక్టరు
నా చాళ్ళు మూడు తొక్కింది.
తొక్కలేదన్నాడు.
వాన చెరిపేసేదాకా
చక్రాల అచ్చు నా తరఫున సాక్ష్యం చెప్పింది.

సెప్టెంబరు ఐదు, ఆకు మీద మంచు కాటు.
పార దిగింది, దుంప తెగింది.
తిట్టు కాదు, నిజంగానే తెగింది.
తెగినవి ఈ పూటకి,
గీరుకున్నవి నెలలోపల,
తోలు ముదిరినవే కొట్టులోకి.
కడగకూడదు,
ఆ మట్టే వాటి దుప్పటి.

కొట్టు మూడిళ్ళదీ.
గట్టు తొలిచి, బిర్చి దుంగలు పరిచి
తాతలు కట్టారు.
పొలాలు పంచుకున్నారు, పడవలు పంచుకున్నారు,
ఆ చీకటిని మాత్రం పంచుకోలేకపోయారు.
ఎడమ గోడకి నా పెట్టెలు, కుడి గోడకి ఏలిస్‌వి,
నడుమ రౌహ వాళ్ళవి, సరిహద్దు రాయిలా.
నాలుగు డిగ్రీలుండాలి.
పెరిగితే మొలకలు, తగ్గితే వెగటు తీపి,
సున్నా దిగితే నల్లటి నీళ్ళు.

జనవరి పదిహేడు.
సున్నాకి ముప్ఫైతొమ్మిది కింద.
అర్ధరాత్రి మనసాగక వెళ్ళి తలుపు లాగితే
లోపల లాంతరు వెలుగు,
బోర్లించిన బక్కెట్టు మీద ఏలిస్.

"కిరసనాయిలు అయిపోవచ్చింది" అన్నాడు.
ఆరేళ్ళలో అదే మొదటి మాట.

తెచ్చాను.
నేనూ ఒక బక్కెట్టు బోర్లించాను.
తెల్లవార్లూ అంటే మాకు జనవరిలో
పగలు పదకొండు దాకా.
వంతులేసుకుని వత్తి కత్తిరించాం.
అతని గోనెపట్టాలు నా పెట్టెల మీద ఉన్నాయి.
చూశాను. చూసినట్టు చెప్పలేదు.

ఎప్పుడో అతనే అన్నాడు,
"మూడు కాదు, రెండు చాళ్ళు."
"మూడు" అన్నాను.
లాంతరు కాసేపు చిటపటలాడింది.
"రెండున్నర" అన్నాడు.

అంతా దక్కలేదు.
మేలో విత్తనం ఏరుతుంటే
గోడకానిన వరుస మెత్తగా
వేళ్ళ మధ్యనుంచి కారిపోయింది.
గుమ్మం కడిగి, పెట్టెలు ఎండకు తిప్పి
మర్నాడు వస్తే
మెట్టు మీద ఒక సంచి.
మూతి కట్టిన ముడి రౌహది కాదు,
పడవ వాళ్ళు వేసే ముడి.
లోపల పుయికులలు,
ఒక్కొక్కదానికి పొట్టి, ఊదారంగు మొలక.

నాటాను.
సరిగ్గా రెండున్నర చాళ్ళకు వచ్చాయి.

మిగిలిన అరచాలు ఖాళీగా వదిలేశాను.
మళ్ళీ జనవరి వస్తుంది,
బక్కెట్ల మీద కూర్చుని పోట్లాడుకోవడానికి
ఏదో ఒకటి ఉండాలి కదా.