వాట్కీ వ్యవహారం

లిఫ్టు పనిచెయ్యని రోజే వచ్చింది టెంపో.
మూడంతస్తులూ గోనెసంచులు నేనే మోశాను,
మెట్టు మెట్టుకీ లోపల గిన్నెలు
విడిదింట్లో పెళ్లివారిలా గోల చేస్తుంటే.

వకీలు రాసిన జాబితాలో అది పదకొండో వరస:
స్టీలు సామాను, యాభై ఒకటి.
హాల్లో పరిచి లెక్కపెట్టాను. యాభై.
"ఒకటి పోతే పోయిందిలే పప్పా," అంది ఝరణా
ఫోన్లోంచి తలెత్తకుండా.

ప్రతి గిన్నె అంచు కిందా చుక్కలు చుక్కలుగా
నా కూతురి పేరు, పక్కన చింతన్ పేరు,
ఆ ఏటి వసంత పంచమి తేదీ.
రాజ్‌కోట్ కంసారా బజార్లో
దగ్గర నిలబడి చెక్కించింది నేనే.
"ఇంకాస్త నొక్కు భాయ్,
మనవల నాటికీ కనపడాలి."

మళ్లీ అతని దగ్గరికే వెళ్లాను, ఒక చెంబు సంచిలో దాచి.
ఇస్మాయిల్‌భాయ్ కళ్లద్దాలు మందమయ్యాయి.
చెంబుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి
"చెరపడం కుదరదు సేఠ్. కావాలంటే
ఆ రెండో పేరు మీద తీగ పాకిస్తాను,
ఆకులూ పువ్వులూ. గిన్నెకి పది రూపాయలు."
యాభై పదులు అయిదొందలు.
బేరమాడబుద్ధి కాలేదు. సరేననీ అనలేదు.
చాయ్ తాగించాడు. మూడో కోడలు
బ్యూటీ పార్లర్ పెట్టిందని చెప్పాడు.

నేనొచ్చేదాకా నిరూ ఆగలేదు.
ఆదివారం, దాల్ ఢోక్లీ.
పై ఇంటి కవల్ ఆంటీకి అందులోనే,
ఆ సంచిలోని గిన్నెలోనే,
నెయ్యి చుక్కేసి పంపేసింది.
"పేర్లు కనపడవూ?"
"సలసలా కాలుతోంది. గుడ్డతో పట్టుకుంటుందిలే ఆవిడ."

మా వైపు ఇరుగుపొరుగు గిన్నె
ఒట్టిగా వెనక్కి వెళ్లకూడదు.
ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా.
మంగళవారానికి వచ్చింది, పాలకూర సాయీ భాజీతో.
వచ్చింది మాది కాదు.
అంచు తిప్పి చదివాను: రమీలా, జయంతీలాల్, 1987.
వాళ్లెవరో కవల్ ఆంటీకీ తెలీదు.
"ఏ బి-వింగులోంచో వచ్చుంటుంది భాయ్‌సాబ్,
నాకూ ఇలాగే వచ్చింది."

అప్పుడు తెరిచాను వంటింటి అలమరా,
ఇన్నేళ్లలో మొదటిసారి చదవడానికి.
నేను రోజూ తినే పళ్లెం వెనక:
స్వర్గీయ మంఛాబేన్ జ్ఞాపకార్థం.
పప్పు గిన్నె: హన్సా గృహప్రవేశం.
మజ్జిగ లోటా: చి. తేజస్‌కి మేనమామ.
ఒకదాని మీద పేరంతా అరిగి
చివర "వాలా" ఒక్కటే మిగిలింది.
ఎవరికి బాకీ పడ్డాం ఇన్ని?
మావి ఎవరింట్లో చల్లారుతున్నాయి?

ఝరణా తడి జుట్టుతోనే వచ్చి గరిటె అందుకుంది.
"పప్పా, నాలుగొందల రెండు వాళ్లకి
మనం ఇవ్వాల్సి ఉందా?"
నిజానికి గుర్తులేదు.
ఉంది, అన్నాను.

సంచిలో చెయ్యి పెట్టి చేతికందింది తీసింది.
పేరు చూసిందో లేదో నాకు తెలీదు,
అంచుదాకా పోసింది.
ఆకులూ పువ్వుల సంగతి నేనిక ఎత్తలేదు.

లిఫ్టు బాగయింది పొద్దున్నే.
అయినా మెట్లే ఎక్కుతోంది,
కాలుతోంది కాబోలు,
చేతులు మార్చుకుంటూ.