కాంటా గదిల ఎర్ర గ్రహం

మిర్యాలగూడ బైపాస్ మీద, మిల్లు కాంటా గదిల
నాది నైట్ డ్యూటీ.
వడ్ల లారీ ఎక్కితే అంకె రాస్త, దిగితే ఇంకోటి రాస్త.
నడుమల, ఫోన్ల
నాకో ఎర్ర గ్రహం ఉంది.
పది బోర్లేసిన దాని మీద. పదీ పడ్డయి.
మా నాయిన చెల్కల ఏడేస్తే
ఏడూ దుబ్బే పోసినయి.

నేను కునుకు తీసినా ఖనిజం ఊరుతనే ఉంటది,
ఓడలు వాటంతటవే నింపుకుంటయి, అమ్ముకొస్తయి,
తెల్లారేసరికి ఖాతాల నాలుగు లక్షలు.
ఆటల లక్షలే అనుకో.

చాయ్ కాడ హమాలీ జానయ్యకు చూపెట్టిన:
"పండుకున్నా పైసలే, అన్నా."
మెడ మీది ఊక దులుపుకుంట అడిగిండు,
"మరాడ బస్తాలెవరు మోస్తున్నరు?"
ఎవరూ లేరన్న.
"మొన్న పీఎఫ్ ఆఫీసరొస్తే
మా సేటు గూడ గిదే మాట జెప్పిండు" అని
గ్లాసు కడిగి బోర్లించి పోయిండు.

ఆ రాత్రి పెద్ద ఓడకు జానయ్య అని పేరు పెట్టిన.
కూలి ఇచ్చే మీట ఏడుందోనని
తెరంత దేవులాడిన. పెట్టలే.
బయట ఎవడో హారన్ మీది చెయ్యి తీస్తలేడు.
పద్నాలుగు చక్రాల బండి, తడి వడ్లు.
గ్రహాన్ని జేబుల ఏసుకొని లేసిన.